ఇంటికొచ్చి పడుకోగలిగిన నావికులు

స్కూల్లో జీకే పుస్తకం బట్టీ పట్టినవాళ్లకి ఇంగ్లిష్ చానెల్ అనగానే గుర్తొచ్చేది ఈత. 1958లో మిహిర్ సేన్, ఆ మరుసటి ఏడు ఆరతీ సాహా. ఆ నీళ్లను ఈది దాటినవాళ్ల పేర్లు మనకు కంఠతా వచ్చు. అవే నీళ్లను రోజుకు నాలుగైదుసార్లు దాటుతూ ముప్పై ఏళ్లు పనిచేసి, ఒక్కనాడూ పేపర్లో పేరు పడకుండా రిటైరైపోయినవాళ్లు వేలమంది ఉన్నారు. ఇంగ్లండ్ నుంచి ఫ్రాన్స్‌కి, బెల్జియానికి జనాన్ని, కార్లను, లారీలను దాటించే ఫెర్రీల్లో వంట చేసినవాళ్లు, టీలు అందించినవాళ్లు, ఇంజిన్ గదిలో గ్రీజు పూసినవాళ్లు, డెక్కు మీద తాళ్లు లాగినవాళ్లు. నేను చెప్పబోయేది వాళ్ల గురించి, ఇంకా ఎక్కువగా వాళ్ల ఇళ్ల గురించి.

ఇంగ్లండ్ రేవు ఊరు డోవర్ దగ్గర ఆ సముద్రం చాలా సన్నం. ఇంగ్లండ్ ఒడ్డుకీ ఫ్రాన్స్ ఒడ్డుకీ మధ్య 33 కిలోమీటర్లు, అంటే విజయవాడ నుంచి గుంటూరు వెళ్లినంత దూరం. ఫెర్రీలో గంటన్నర. ఇంత చిన్న ప్రయాణం మీద డోవర్ ఉన్న కెంట్ తీరంలో కుటుంబాలకు కుటుంబాలు బతికాయి. తాత బొగ్గు ఓడలో, తండ్రి రైల్వే ఓడలో, కూతురు డ్యూటీ ఫ్రీ షాపు కౌంటర్లో. డోవర్, ఫోక్‌స్టోన్ వీధుల్లో ఫలానావాళ్లు ఏం చేస్తారంటే "పడవల మీద ఉన్నారు" అంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

ఆ కుటుంబాల జ్ఞాపకాలు వింటే మొదట తికమకగా ఉంటుంది. ఒకే మనిషి ఒకే గుక్కలో, అంత మంచి ఉద్యోగం ఇంకోటి లేదంటాడు, ఆ ఉద్యోగమే మా కుటుంబాన్ని ముక్కలు చేసిందంటాడు. ఇదంతా ఎందుకు పోయిందని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: సముద్రం కింద సొరంగం తవ్వారు, మా పొట్ట కొట్టారు. సొరంగం రైళ్లు మొదలైంది 1994లో. కానీ డోవర్ రేవు చరిత్రలో ప్రయాణికులు అత్యధికంగా వచ్చింది 1997లో, 2 కోట్లకు పైగా. సొరంగం వచ్చిన మూడేళ్లకి! ఫెర్రీలు ఈరోజుకీ తిరుగుతున్నాయి, మునుపటి కంటే పెద్దవి కూడా. ఓడలు పోలేదు. ఆ ఓడల మీది నుంచి కుటుంబాలు పోయాయి. ఈ రెండూ వేరు వేరు సంగతులు, వీటిని కలిపి చూడడం వల్లే అసలు కథ కనపడకుండా పోతోంది.

నా దృష్టిలో ఈ చిక్కుముడి విప్పే కొస ఒక్కటే. డ్యూటీ షెడ్యూలు, అంటే రోటా. ఎన్ని గంటలు ఓడలో, ఎన్ని గంటలు ఇంట్లో అన్న లెక్క. మామూలుగా సముద్రం మీద పనంటే నెలల తరబడి ఇల్లు వదిలిపోవడం. చానెల్ ఫెర్రీ దానికి మినహాయింపు. ఈ నావికుడు ఇంటికొచ్చి పడుకోగలడు. పిల్లల పుట్టినరోజుకి ఉండగలడు. అందుకే అది కుటుంబ వృత్తి అయింది. ఆ లెక్క మారిన ప్రతిసారీ కుటుంబాలకు దెబ్బ తగిలింది.

రైలు కంపెనీ ఓడలు

మొదట్లో ఈ ఓడలు చాలావరకు రైల్వే కంపెనీలవి. లండన్ నుంచి రైలు రేవు దాకా వస్తుంది, దిగి ఓడెక్కితే అవతల ఒడ్డున ఇంకో రైలు. కాబట్టి ఓడ కూడా రైలు మార్గంలో ఒక ముక్కే. ఓడ మనిషికి కూడా రైల్వే ఉద్యోగికున్న భద్రత కొంత వచ్చేది. నెల జీతం, పాసులు, కొడుకుని చేర్చుకోమని అడిగే చనువు. మన సింగరేణిలో, ఆర్టీసీలో కారుణ్య నియామకం అంటే తెలిసినవాళ్లకి ఈ లోకం కొత్తగా అనిపించదు.

1880లో సౌతాంప్టన్ నుంచి నడిచే ఒక రైల్వే ఓడ మీద నుంచి ఒక నావికుడు సముద్రంలో కొట్టుకుపోయాడు. ఇంట్లో భార్య మేరీ ఆన్ రోజర్స్, ఒక చిన్న పాప, కడుపులో ఇంకో బిడ్డ. రైల్వే కంపెనీ ఆమెకు తన ఓడల్లోనే స్టీవార్డెస్ పని, అంటే ప్రయాణికుల అవసరాలు చూసే పని ఇచ్చింది. భర్తను మింగిన సముద్రం మీదే పిల్లల్ని పెంచుకోవడానికి కావలసిన జీతం. 1899 మార్చి 30న, గుడ్ ఫ్రైడేకి ముందు రోజు, ఆమె పనిచేస్తున్న స్టెల్లా అనే ఓడ పొగమంచులో చానెల్ దీవుల దగ్గర కాస్కెట్స్ రాళ్లకు గుద్దుకుంది. ఆడవాళ్లకి దగ్గరుండి లైఫ్ బెల్టులు కట్టింది, తన బెల్టు తీసి ఇంకొకరికి ఇచ్చేసింది, తాను ఎక్కితే పడవ ఒరిగిపోతుందని ఎక్కలేదు. ఓడతోపాటే మునిగిపోయింది. సౌతాంప్టన్‌లో ఆమెకు కట్టిన స్మారకం ఇప్పటికీ ఉంది. అందరూ ఆమె త్యాగాన్ని తలుచుకుంటారు, తలుచుకోవాలి కూడా. నాకు మాత్రం దాని వెనకున్న ఇంటి లెక్క కూడా కళ్లకు కడుతుంది: భర్త పోయాడు, ఆ కంపెనీలోనే భార్యకి పని, పిల్లలు ఆ రేవు ఊళ్లోనే. ఒక కుటుంబం ఒక ఓడల కంపెనీకి ఇలాగే అతుక్కుపోయేది.

ఇంకొకటి హార్విచ్ రేవుది. అది ఉత్తర సముద్రం వైపు, హాలండ్‌కి ఓడలు నడిచే చోటు, పని మాత్రం అదే. చార్లెస్ ఫ్రయట్ తండ్రి గ్రేట్ ఈస్టర్న్ రైల్వే ఓడల్లో ఆఫీసరు. కొడుకు 1892లో అదే కంపెనీలో మామూలు నావికుడిగా చేరి కెప్టెన్ అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 మార్చిలో, తన ఓడ మీదికి వచ్చిన జర్మన్ జలాంతర్గామిని తప్పించుకోవడానికి ఓడను దాని మీదికే నడిపాడు. మరుసటి ఏడు జర్మన్లకు చిక్కాడు. 1916 జులై 27న బ్రూజ్ నగరంలో కాల్చి చంపారు. ఇంట్లో భార్య, ఏడుగురు పిల్లలు. రైల్వే కంపెనీ ఆమెకు పెన్షన్ ఇచ్చింది. 1919లో శవపేటికను ఇంగ్లండ్‌కి తెచ్చి హార్విచ్ పక్కనే డోవర్‌కోర్ట్ చర్చి ఆవరణలో పెట్టారు. యుద్ధ వీరుడిగా ఆయన పేరు పుస్తకాల్లోకి ఎక్కింది, కానీ ఆయన చేసిన ఉద్యోగం సాదాసీదా రేవు ఉద్యోగం, తండ్రి చేసిందే.

క్రేన్లు, గొలుసులు, కార్లు

తర్వాత కార్లొచ్చాయి. 1928లో స్టూవర్ట్ టౌన్సెండ్ అనే ఆయన, కారుని చానెల్ దాటించడానికి రైల్వే వాళ్లు తీసుకునే చార్జీలు మరీ ఎక్కువని, ఒక బొగ్గు ఓడను అద్దెకు తీసుకుని తనే కార్లు దాటించడం మొదలుపెట్టాడు. 1930లో ఒక పాత యుద్ధ నౌకను కొని ఫెర్రీగా మార్చాడు. అప్పట్లో కారుని క్రేన్‌తో గాల్లోకి లేపి ఓడలో దింపేవాళ్లు. సొంతగా నడుపుకుంటూ లోపలికి వెళ్లే ఏర్పాటు డోవర్ ఈస్టర్న్ డాక్స్‌లో 1953లో గానీ రాలేదు. అది వచ్చాక ఫెర్రీ రూపమే మారిపోయింది. ముందొక పెద్ద తలుపు, వెనకొక పెద్ద తలుపు, మధ్యలో అడ్డుగోడలు లేని పొడవాటి హాలు. కారు ఇటు ఎక్కి అటు దిగిపోతుంది. టైము బోలెడంత కలిసొచ్చింది. కానీ ఆ అడ్డుగోడలు లేని హాలు ఎంత ప్రమాదమో తర్వాత తెలిసింది.

పాతవాళ్ల జ్ఞాపకాల్లో రాత్రి రైలు ఫెర్రీకి ప్రత్యేకమైన చోటుంది. 1936 నుంచి 1980 దాకా లండన్ విక్టోరియా స్టేషన్లో రాత్రి పడుకుంటే పొద్దున్న పారిస్‌లో లేచే స్లీపర్ రైలు ఉండేది. డోవర్‌లో రైలు పెట్టెల్ని పెట్టెలుగానే ఓడ కడుపులోకి తోసేవాళ్లు. సముద్రం మీద కదలకుండా ఒక్కో పెట్టెనీ బరువైన గొలుసులతో డెక్కుకి బిగించేవాళ్లు. ఆ గొలుసుల చప్పుడికి బెర్తుల మీది ప్రయాణికులు ఉలిక్కిపడి లేచేవాళ్లు. ప్రయాణికులకు అది నిద్ర చెడగొట్టే మోత. గొలుసులు బిగించేవాళ్లకి అది పని. తడి ఇనుము, చలి, లాంతరు వెలుగు, చేతికి గ్లౌజులున్నా వేళ్లు మొద్దుబారడం.

1960, 70లలో ఫెర్రీలు విపరీతంగా పెరిగాయి. టౌన్సెండ్ థోరెసన్ వాళ్ల నారింజ రంగు ఓడలు ఒకవైపు, బ్రిటిష్ రైల్వే వాళ్ల సీలింక్ ఓడలు ఇంకోవైపు. ఈ కాలం నుంచి వచ్చే జ్ఞాపకాల్లో సంతోషం ఎక్కువ. ఎందుకో గంటల లెక్క చూస్తే అర్థమవుతుంది. టౌన్సెండ్ థోరెసన్ ఓడలు బెల్జియంలోని జీబ్రూగకి నడిచే రూటు మీద సిబ్బంది 24 గంటలు ఓడలో ఉండి, 48 గంటలు ఇంట్లో ఉండేవాళ్లు. ఒక రోజు పని, రెండు రోజులు ఇల్లు! సముద్రం మీద పనిచేసేవాళ్లకి ప్రపంచంలో ఇంకెక్కడ దొరుకుతుంది ఇది? మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఓడ ఉద్యోగులే అయితే వేరు వేరు షిఫ్టుల్లో పడి పిల్లల్ని చూసుకోవచ్చు. ఒకరు బ్యాగు దించుతుంటే ఇంకొకరు బ్యాగు సర్దుకోవడం. అవతలి ఒడ్డున కొన్న బ్రెడ్డు ఇవతలి ఒడ్డున టిఫిన్‌లోకి రావడం. వేసవి రద్దీలో కాలేజీ పిల్లలు తండ్రి ఓడలోనే ప్లేట్లు కడిగి జేబు ఖర్చు సంపాదించుకునేవాళ్లు. అలా వెళ్లినవాళ్లు కొందరు అక్కడే ఉండిపోయారు.

చుట్టుపక్కల వేరే పని కూడా పెద్దగా లేదు. కెంట్ బొగ్గు గనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. చివరిది బెటిషాంగర్, 1989లో మూసేశారు. గని పోయిన ఇళ్లకి మిగిలింది రేవే.

1987 మార్చి 6

టౌన్సెండ్ థోరెసన్ వాళ్ల హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ జీబ్రూగ రేవు నుంచి సాయంత్రం బయల్దేరింది. ముందు తలుపులు తెరిచే ఉన్నాయి. రేవు గోడ దాటి వేగం అందుకోగానే నీళ్లు కార్ల డెక్కు మీదికి వచ్చేశాయి. అడ్డుగోడలు లేని ఆ పొడవాటి హాల్లో నీళ్లు ఒక పక్కకి పరిగెత్తితే ఆపేది ఏదీ లేదు. నిమిషంన్నరలో ఓడ పక్కకి పడిపోయింది. ఇసుక దిబ్బ తగలబట్టి పూర్తిగా మునగకుండా సగం నీళ్లలో, సగం పైన ఆగింది. 193 మంది చనిపోయారు.

తప్పెవరిది అంటే చాలామంది ఒక్క వాక్యంలో చెప్పేస్తారు: తలుపు మూయాల్సిన మనిషి నిద్రపోయాడు. అది నిజమే, కానీ సగం నిజం. జస్టిస్ షీన్ విచారణలో బయటపడినవన్నీ కలిపి చూడాలి. డెక్కు పనివాళ్ల మేస్త్రిని బోసన్ అంటారు. తలుపులు మూయడం అసిస్టెంట్ బోసన్ పని, అతను తన క్యాబిన్లో నిద్రలో ఉన్నాడు. డెక్కు మీద చివరగా ఉన్న బోసన్ తలుపులు తెరిచి ఉండడం చూశాడు, మూయడం తన డ్యూటీ కాదనుకున్నాడు. మూశారో లేదో చూడాల్సిన చీఫ్ ఆఫీసరు అదే సమయానికి పైన బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో కూడా ఉండాలి. ఒకే మనిషి రెండు చోట్ల. ఏదైనా తేడా ఉంటే ఎవరో ఒకరు చెప్తారు, ఎవరూ చెప్పలేదంటే అంతా బాగానే ఉన్నట్టు, అనే పద్ధతి మీద కెప్టెన్ ఓడ నడిపించాడు. ఓడ ముందు భాగం ఆయన నిలబడిన చోటికి కనపడదు. పైగా ఆ ఓడ డోవర్‌కీ ఫ్రాన్స్‌లోని కలేకీ మధ్య నడపడానికి కట్టింది. జీబ్రూగ రేవులో ర్యాంపు ఎత్తు సరిపోక, ముందు ట్యాంకుల్లో నీళ్లు నింపి ముక్కు కిందికి దించాల్సి వచ్చేది. బయల్దేరేటప్పటికి ఆ నీళ్లు పూర్తిగా తోడెయ్యలేదు.

తలుపులు మూశారో లేదో తెలిసేలా బ్రిడ్జి మీద ఒక లైటు పెట్టమని కెప్టెన్లు అంతకుముందే కంపెనీని అడిగారు. ఒక బల్బు, కాస్త వైరింగు. ఆఫీసులో ఆ కాయితాల మీద ఎగతాళి రాతలు రాసి పక్కన పడేశారు. ఆ ఎగతాళి రాతలు కూడా విచారణ నివేదికలో అచ్చయ్యాయి. వాటిని చదివితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పై నుంచి కింది దాకా కంపెనీ మొత్తానికి అలసత్వమనే జబ్బు పట్టిందని షీన్ తేల్చాడు.

రోటా ఇక్కడ కూడా ఉంది. సిబ్బంది 24 గంటలు పనిచేసి 48 గంటలు ఇంట్లో ఉంటే, ఆఫీసర్ల లెక్క వేరు: 12 గంటలు డ్యూటీ, కనీసం 24 గంటలు విశ్రాంతి. రెండు లెక్కలు కలవవు. కాబట్టి ఒక ఆఫీసరు ఈరోజు ఒక జట్టుతో, రేపు ఇంకో జట్టుతో. ఎవరు ఎలా పనిచేస్తారో ఒకరికొకరు అలవాటు పడే వీలు తక్కువ. ప్రమాదానికి ఇదే కారణమని నేననను. కానీ కుటుంబాల్లో అంత తీపి గుర్తుగా మిగిలిన ఆ షెడ్యూలును కంపెనీ ఓడ భద్రతతో కలిపి ఆలోచించలేదన్నది మాత్రం స్పష్టం.

ఆ రోజు ఓడలో సిబ్బంది 80 మంది. అందులో 38 మంది పోయారు. ఎక్కువమంది డోవర్, దాని చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఒకే వీధివాళ్లు, ఒకే స్కూల్లో చదువుకున్నవాళ్లు, వియ్యంకులు, తోడికోడళ్లు ఒకే రేవు మీద పనిచేస్తుంటే కుటుంబ వృత్తికున్న బలమే దాని బలహీనత కూడా. ఒక్క రాత్రి ఊళ్లో ఎన్ని తలుపులు తట్టాల్సి వచ్చిందో! డోవర్‌లోని సెయింట్ మేరీస్ చర్చిలో వాళ్ల పేరిట ఒక అద్దాల కిటికీ ఉంది. ఏటా మార్చి 6న అక్కడ ప్రార్థన చేస్తారు.

ఆ ప్రమాదానికి కొద్ది వారాల ముందే కంపెనీ పీ అండ్ ఓ అనే ఇంకో ఓడల కంపెనీ చేతికి వచ్చింది. ఆ ఏడాదే టౌన్సెండ్ థోరెసన్ పేరు తీసేశారు, నారింజ రంగు మీద ముదురు నీలం పూశారు. కంపెనీ మీద, కొందరు ఉద్యోగుల మీద పెట్టిన కేసు 1990లో కోర్టులో వీగిపోయింది. ఒక పెద్ద సంస్థని ఇలాంటి చావులకు దోషిగా నిలబెట్టే చట్టం బ్రిటన్‌లో 2007లో గానీ రాలేదు.

ఒకే ఇంట్లో రెండు పక్షాలు

హెరాల్డ్ మునిగి ఏడాది తిరగకముందే, 1988 ఫిబ్రవరిలో, డోవర్‌లో సమ్మె మొదలైంది. కంపెనీ ఖర్చు తగ్గించాలంది. దాదాపు 400 ఉద్యోగాలు తీసేస్తాం, మిగిలినవాళ్లు ఇంకా ఎక్కువ గంటలు, కొత్త షెడ్యూలు మీద చేయాలంది. నావికుల యూనియన్ ఒప్పుకోలేదు. పోయినవాళ్ల ఏడాది కూడా కాలేదు, అప్పుడే మనుషుల్ని తగ్గించి గంటలు పెంచుతారా అన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నకు సరైన జవాబు నాకైతే ఎక్కడా కనపడలేదు.

కొత్త షరతులకు సంతకం పెట్టండి, లేకపోతే ఉద్యోగం పోయినట్టేనని కంపెనీ ఉత్తరాలు పంపింది. సీలింక్ నావికులను కూడా సమ్మెలోకి లాగారని కోర్టు యూనియన్‌కి జరిమానా వేసింది, ఆస్తులు జప్తు చేయించింది. సమ్మె ఏడాది దాటి సాగి ఓడిపోయింది. దెబ్బతిన్న ఆ యూనియన్ 1990లో రైల్వే కార్మికుల యూనియన్‌తో కలిసిపోయింది.

యూనియన్ చరిత్రలో ఇది రెండు పేరాలు. ఇళ్లలో మాత్రం ఇంకా ముగియలేదు. ఇంటి మీద అప్పుంది, పిల్లలు చిన్నవాళ్లు, సంతకం పెట్టి పనిలోకి వెళ్లాలా, గేటు ముందు అన్నదమ్ములతో నిలబడాలా? ఇద్దరన్నదమ్ముల్లో ఒకడు ఓడలో, ఒకడు గేటు దగ్గర. బావమరుదుల మధ్య మాటల్లేవు. అసలే ఊరు చిన్నది, తప్పించుకు తిరగడానికి చోటెక్కడ? ఇప్పటికీ ఎవరు లోపలికి వెళ్లారు, ఎవరు వెళ్లలేదన్న మాట వస్తే గొంతు మారిపోతుంది. సముద్రం మీద సంబరాల గురించి గంటలు గంటలు చెప్పే మనిషి, 1988 అనేసరికి ముక్తసరిగా దాటేస్తే అర్థం చేసుకోవాలి.

మిగతా మార్పులు త్వరగా చెప్పేస్తాను. 1984లోనే సీలింక్‌ని ప్రైవేటు కంపెనీకి అమ్మేశారు, దాంతో రైల్వే ఉద్యోగి అనే గొడుగు పోయింది. ఫోక్‌స్టోన్ నుంచి ఫ్రాన్స్‌లోని బూలోన్‌కి నడిచే పెద్ద ఫెర్రీలు 1991తో ఆగిపోయాయి. ఆ రేవు కట్ట మీద ఇప్పుడు తిండి దుకాణాలు, షికారు జనం. అక్కడ తిరిగిన హెంగిస్ట్, హోర్సా, వోర్టిజెర్న్ అనే మూడు ఓడలూ చివరికి గ్రీసు దీవుల మధ్య తిరిగాయి. వీటిలో హెంగిస్ట్ 1987 అక్టోబర్ తుపానులో ఒడ్డుకి కొట్టుకొచ్చి ఇరుక్కుంది. అదృష్టం, ఆ రాత్రి అందులో ప్రయాణికులు లేరు.

సొరంగం తీసినా ఫెర్రీలు నిలదొక్కుకోవడానికి కారణం డ్యూటీ ఫ్రీ, అంటే పన్ను లేని సరుకు. సిగరెట్లు, మద్యం, సెంటు సీసాలు చవగ్గా కొనుక్కోవడానికే జనం ఓడెక్కి అవతలకి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లు. టికెట్టు దాదాపు ఉచితం, లాభమంతా షాపులో. ఆ షాపుల్లో, బార్లలో పనిచేసినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. యూరోపియన్ యూనియన్ 1999 జూన్ 30తో ఆ రాయితీ ఆపేసింది. ఆ తర్వాత పదేళ్లలో డోవర్ ప్రయాణికులు కోటీ ఇరవై, ముప్పై లక్షల దగ్గరికి పడిపోయారు. పొట్ట కొట్టింది ఏదని లెక్కకి అడిగితే సొరంగం కంటే ఈ తేదీ ముందొస్తుంది.

అవతలి ఒడ్డున కలేలో కూడా ఇదే నొప్పి. ఫ్రెంచ్ కంపెనీ సీఫ్రాన్స్ 2012లో మూతపడితే, కార్మికులే సహకార సంఘం పెట్టుకుని మైఫెర్రీలింక్ పేరుతో ఓడలు నడిపారు. ఓడలను తామే నడుపుకోవడం మూడేళ్లే సాగింది. 2015లో అదీ ఆగిపోయింది, కలే రోడ్ల మీద టైర్లు తగలబడ్డాయి.

మూడు నిమిషాల వీడియో

2022 మార్చి 17. పీ అండ్ ఓ ఫెర్రీల్లో పనిచేస్తున్న 786 మందికి ముందే రికార్డు చేసిన చిన్న వీడియోలో చెప్పారు, ఈరోజుతో మీ ఉద్యోగం లేదని. కొందరు ఓడలోనే ఉన్నారు, డ్యూటీ బట్టల్లో. కొత్త సిబ్బంది అప్పటికే బస్సుల్లో రేవు దగ్గర సిద్ధంగా ఉన్నారు. చట్ట ప్రకారం ముందు యూనియన్లతో మాట్లాడాలి కదా అని పార్లమెంటు కమిటీ అడిగితే, మాట్లాడాలన్నది నిజమే, మాట్లాడకూడదనే నిర్ణయించుకున్నాం అని కంపెనీ అధిపతి ఒప్పుకున్నారు.

ఇంత సులువుగా ఎలా సాధ్యమైంది? ఇక్కడ రెండు ముడులున్నాయి. ఒకటి, డోవర్ ఓడల మీద ఎగిరే జెండా 2019 నుంచి సైప్రస్‌ది. ఓడ మీద ఏ దేశం జెండా ఉంటే చాలా విషయాల్లో ఆ దేశం చట్టమే నడుస్తుంది. రెండు, ఉద్యోగుల కాంట్రాక్టులు జెర్సీ దీవిలోని కంపెనీ పేరు మీద ఉన్నాయి. మనిషి ఉండేది డోవర్‌లో, ఓడ ఆగేది డోవర్‌లో, కానీ కాయితాల మీద అతని ఉద్యోగం ఎక్కడో. కొత్తగా తెచ్చిన ఏజెన్సీ సిబ్బందికి సగటున గంటకు 5 పౌండ్ల 50 పెన్నీలు. అప్పుడు బ్రిటన్‌లో కనీస వేతనం 8 పౌండ్ల 91 పెన్నీలు. రెండేళ్ల తర్వాత, 2024లో, అత్యంత తక్కువ జీతం గంటకు 4 పౌండ్ల 87 పెన్నీలని అదే అధిపతి పార్లమెంటులో చెప్పారు. ఆ డబ్బుతో మీరు బతకగలరా అంటే, బతకలేనన్నారు.

ఆ ఏజెన్సీ సిబ్బందిలో ఫిలిప్పీన్స్ వాళ్లు, తూర్పు యూరప్ వాళ్లతోపాటు మన భారతీయులూ ఉన్నారు. ఇక్కడి నుంచి ఇది మన ఇంటి కథ కూడా. పీ అండ్ ఓ లాంటి బ్రిటిష్ ఓడల కంపెనీలు వందేళ్లకు పైగా దూర ప్రయాణాల మీద భారతీయ నావికులను పెట్టుకున్నాయి. తెల్లవాడికి ఒక కాంట్రాక్టు, లస్కర్లని పిలిచే మనవాళ్లకు వేరే కాంట్రాక్టు, జీతం అందులో కొంత భాగం. ఆ మాట మన భాషలో ఇంకా బతికే ఉంది: కాలువ గట్ల మీద షట్టర్లు చూసే లస్కరు, గోదావరి లాంచీ నడిపే సరంగు. లస్కర్ల జట్టుకి పెద్దని ఓడల్లో సరంగు అనే పిలిచేవాళ్లు. 1976లో బ్రిటన్ జాతి వివక్షను నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు కూడా విదేశాల్లో చేర్చుకున్న నావికులను అందులోంచి మినహాయించింది, వాళ్లకు తక్కువ జీతం ఇవ్వడం తప్పు కాకుండా.

కాబట్టి డోవర్ మనిషి కోపం ఆ కొత్త సిబ్బంది మీద కాదని గట్టిగా చెప్పాలి, వాళ్లలో చాలామంది చెప్తున్నారు కూడా. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడ ఉద్యోగమని ఏజెంటు చేతిలో డబ్బు పోసి బయల్దేరే కుర్రాడికి, తను ఎవరి కుర్చీలో కూర్చోబోతున్నాడో చెప్పేవాళ్లుండరు.

ఏజెన్సీ సిబ్బంది రోజుకు 12 గంటల చొప్పున, ఒక్కసారి ఎక్కితే 17 వారాల దాకా ఓడలోనే ఉండాల్సి వచ్చేదని యూనియన్లు బయటపెట్టాయి. అదే గంటన్నర ప్రయాణం, అదే విజయవాడ-గుంటూరు దూరం. 24 గంటల పని, 48 గంటల ఇల్లు అన్న చోట 17 వారాలు. జీతం తేడా అందరికీ కనపడింది, పేపర్లు రాశాయి. ఈ తేడా అంతగా కనపడలేదు.

తర్వాత రెండు దేశాలూ చట్టాలు చేశాయి. బ్రిటన్ 2023 చట్టం, తన రేవులకు తరచూ వచ్చే ఓడల్లోవాళ్లకి తన జలాల్లో ఉన్నంతసేపు కనీస వేతనంతో సమానమైన జీతం ఇవ్వాలంది. ఫ్రాన్స్ అదే ఏడాది చేసిన చట్టం జీతంతో ఆగలేదు. ఓడలో ఎన్ని రోజులుంటే ఒడ్డున అన్ని రోజుల సెలవు ఉండాలంది, ఒక్కసారి 14 రోజులకు మించి ఓడలో ఉంచకూడదంది. అంతకు ముప్పై ఐదేళ్ల ముందు డోవర్ గేటు దగ్గర నిలబడినవాళ్లు కొట్లాడింది గంటల కోసం. ఆ గంటల మాట చట్టంలోకి ఎక్కింది ఫ్రెంచ్ ఒడ్డు నుంచి.

2023, 24లలో డోవర్-కలే మీదికి రెండు కొత్త ఓడలొచ్చాయి, పయనీర్, లిబర్టే. రెండు చివర్లా బ్రిడ్జి ఉంటుంది, రేవులో వెనక్కి తిరగాల్సిన పని లేదు. ఎటు వచ్చాయో అటే మళ్లీ బయల్దేరతాయి. పాత ఓడల్లో డ్యూటీ మారేటప్పుడు మెట్ల దగ్గర ఒక గుంపు దిగుతుంటే ఒక గుంపు ఎక్కేది, అందరి చేతుల్లో ఒకేలాంటి బ్యాగులు, గేటు బయట కార్లో ఎవరి భార్యో, ఎవరి కొడుకో ఇంజిన్ ఆపకుండా వెయిట్ చేస్తూ. ఇప్పుడు సిబ్బంది దిగితే ఇళ్లు నడిచి వెళ్లేంత దూరంలో ఉండవు. ఎయిర్‌పోర్టుకి బస్సు ఉంటుంది.